జిగురు నాకే గరిటె

వంటింటికీ వెనక షెడ్డుకీ మధ్య గోడకు ఒక మేకు ఉంది. ఆ మేకుకు ఒక చెక్క గరిటె వేలాడుతూ ఉంటుంది. దాంతో ఆ ఇంట్లో ఎవరూ ఏదీ కలపరు, వడ్డించరు. సోమవారం సోమవారం పొద్దున దాన్ని కిందికి దించుతారు. జిగురు పీపాలో ముంచుతారు. నాకుతారు. కడిగి మళ్లీ మేకుకు తగిలిస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఆ నాకే పని అత్తగారిదే.

కోడలు ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. ఇంతవరకు ఆ గరిటెను వేలితో కూడా తాకలేదు. ఇల్లంతా అద్దంలా తుడిచే మనిషి, ఆ మేకు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కకు తిప్పేస్తుంది. గరిటె నుంచి కారిన చుక్కలు ఏళ్ల తరబడి గోడ మీద ఒకదానిపై ఒకటి ఎండిపోయి, పసిపిల్లల ముక్కు కింద కట్టిన చీమిడిలా మెరుస్తుంటాయి. వాటి మీద చూపు పడితే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు.

వాళ్లది జిగురు చేసే ఇల్లు. ఇంటి వెనక పొడుగాటి రేకుల షెడ్డు, అందులో మూడు పొయ్యిలు, వరసగా పీపాలు. మందులు కలిపిన జిగురు వాళ్లు చేయరు. మైదా ఉడికించి, కాస్త పంచదార, కాస్త పటిక పొడి, చివర్లో నాలుగు చుక్కల లవంగ నూనె వేస్తే బడిపిల్లలు రంగు కాగితాలు అతికించుకునే జిగురు. తుమ్మబంక నీళ్లలో కరిగిస్తే కవర్ల అంచులకు పూసే జిగురు. తోళ్ల ముక్కలు సున్నపు నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, కడిగి, సన్నసెగ మీద ఉడికిస్తే పుస్తకాల బైండర్లకూ వడ్రంగులకూ కావలసిన తోలు జిగురు.

ఆ మూడో పొయ్యి వైపు కోడలు వెళ్లదు. వచ్చిన కొత్తలో ఒక్కసారి వెళ్లింది. తొట్టిలో తోళ్ల ముక్కలు ఉబ్బి, నానిన చెవుల్లా అటూ ఇటూ కదులుతున్నాయి. విడిపోయిన వెంట్రుకలు తెట్టులో చుట్టుకుని బుడగలతో పాటు పైకి వస్తున్నాయి. అక్కడే, అత్తగారి కాళ్ల ముందే, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఆ కథ షెడ్డులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఎక్కువ నవ్వేది జిగురు కలిపే మనిషి. పొద్దస్తమానం చేతిలో తెడ్డుతో ఉంటాడు కాబట్టి అందరూ అతన్ని తెడ్డు అనే పిలుస్తారు. పదిహేనేళ్లుగా రెండు ముక్కురంధ్రాల్లోనూ లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకుని పనిచేసే మనిషికి నవ్వడానికి ఏం పోయింది?

"కొత్తమ్మా, నీకు ముక్కు పెట్టేటప్పుడు దేవుడు చేయి జారి రెండోది కూడా పెట్టేశాడు" అంటాడు తెడ్డు. నాలుగేళ్లయినా అతనికి ఆమె కొత్తమ్మే.

 తిరిగి అనే స్వభావం కాదు ఆమెది. చూస్తుంది, అంతే.

సోమవారం ఎప్పుడూ ఒకేలా జరుగుతుంది. పెద్దపేటలో పుస్తకాలు కుట్టే బైండరు ఎనిమిదింటికల్లా మూడు చక్రాల బండితో వస్తాడు. తన తోలు జిగురు తీసుకుంటాడు, బడులకు వెళ్లే పిల్లల జిగురు డబ్బాలు కూడా అతనే దారిలో దింపుతాడు. ఎంత తొందరలో ఉన్నా, అత్తగారు గరిటె నాకేదాకా డబ్బా మీద చేయి వేయడు.

"ఏం వదినగారూ, అయిందా ఫలహారం?" అంటాడు.

"ఉండవయ్యా, నీ ఆకలి కాదు ఇది" అంటుంది అత్తగారు. పీపా మూత తీసి, గరిటె ముంచి, దాని వీపు మీద అంటుకున్న జిగురును నాలుకతో నిలువునా ఒక్క గీత గీసినట్టు తీసుకుంటుంది. కళ్లు మూసుకుంటుంది. ముందు తీపి తగలాలి. ఆ తర్వాత పటిక వగరు నాలుక అంచుల్ని పట్టుకోవాలి. పులుపు పిసరంత కూడా తగలకూడదు. తగిలితే పీపాకు పీపా కాలవలోకే. అలా పారబోయించిన రోజులు ఉన్నాయి.

"కవరు అంచు నాలుకతో తడుపుతారు. పిల్లలు జిగురు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. వాళ్ల నోట్లోకి పోయేది ముందు మన నోట్లోకి పోవాలి" అని ఆమె కోడలికి మొదటి వారంలోనే చెప్పింది. ఆ మాట కోడలికి నచ్చింది. ఆ నాకడం మాత్రం చూడలేకపోయింది. అత్తగారి నాలుక మీద ఆ తెల్లటి ముద్ద సాగి, తెగి, పెదవి మూలన దారంలా వేలాడే ఆ ఒక్క క్షణం ఆమె నేల వైపు చూస్తుంది.

ఎండలు ముదరడానికి ముందు అత్తగారికి జలుబూ జ్వరమూ వచ్చాయి. పది రోజులు మంచం దిగలేదు. లేచాక మనిషి మామూలుగానే ఉంది. అదే గొంతు, అదే నడక. కానీ కోడలు ఒకటి గమనించింది. ఒకరోజు పొద్దున పాలు విరిగాయి. పారబోద్దామని గిన్నె పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి, అత్తగారు ఆ పాలతోనే టీ పెట్టుకుని తాగుతోంది. గ్లాసు అంచున పెరుగు ముక్కల్లాంటి పలుకులు. ఒక పలుకు ఆమె పై పెదవికి అంటుకుని ఉంది. నాలుకతో దాన్ని లోపలికి తీసుకుని, మళ్లీ గుటక వేసింది.

కోడలు ఖాళీ పాలగిన్నె తీసి వాసన చూసింది.

"పాలు బాగున్నాయా అత్తయ్యా?"

"పాలకేం, పాలు పాలే."

అప్పటి నుంచి కనిపెట్టడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా అత్తగారు మారుమాట లేకుండా తినేసింది. గట్టు కింద కుళ్లిన ఉల్లిగడ్డ వాసనకు ఇల్లంతా కంపు కొడుతుంటే, దాని పక్కనే కూర్చుని కూరలు తరిగింది. చివరికి ఒక మధ్యాహ్నం కోడలు గుండె రాయి చేసుకుని, టీలో పంచదారకు బదులు రెండు చెంచాల ఉప్పు వేసి ఇచ్చింది. ఇచ్చి, గుమ్మం పక్కన నిలబడింది. అత్తగారు ఊదుకుంటూ, ఊదుకుంటూ అడుగుదాకా తాగింది.

"ఇవాళ టీ కుదిరింది అమ్మాయ్."

ఆ ఖాళీ గ్లాసు కడుగుతుంటే కోడలికి తన చేతులంటేనే రోత పుట్టింది.

రెండు రోజుల తర్వాత భర్తతో చెప్పింది. అతను పుట్టింది ఆ షెడ్డు పక్క గదిలో, పెరిగింది ఆ వాసనలో. మంచి ముక్కు అంటే ఏమిటో అతనికి తెలియదు, అమ్మ నాలుక అంటే తెలుసు.

"అమ్మకి రుచి తెలియడం లేదా? ఎవరన్నారు?"

"నేనే చూశానండీ. టీలో ఉప్పు వేసినా తాగేసింది."

"అమ్మకి ఉప్పు టీ ఇచ్చావా?" అతను ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఎందుకిచ్చావ్? నువ్వు బాధపడతావని తాగి ఉంటుంది. ఈ ముక్క ఇంకెవరి దగ్గరా అనకు."

ఆమె అనలేదు. సోమవారాలు మాత్రం ఒక్కోటీ వస్తున్నాయి, పోతున్నాయి. అత్తగారు గరిటె దించుతోంది, నాకుతోంది, కళ్లు మూసుకుంటోంది, "తీసుకెళ్లు" అంటోంది. బండి కదులుతోంది. ఆ తర్వాత రోజంతా కోడలికి ఎక్కడో ఒక బడిలో ఎవరో ఒక పిల్ల చూపుడువేలు చప్పరిస్తున్నట్టే ఉంటోంది.

బడుల్లో వార్షికోత్సవాల ముందు వారం పెద్ద ఆర్డరు వచ్చింది. శనివారం రెండు పీపాల నిండా పిల్లల జిగురు కాచారు. గోడ వైపు ఒకటి, తలుపు వైపు ఒకటి. చల్లారాలని మూతలు ఓరగా పెట్టి, ఆదివారం షెడ్డు మూసేశారు. రేకుల కింద ఆ ఎండ అంతా ఇంతా కాదు.

సోమవారం పొద్దున కోడలు వెనక తలుపు తీయగానే ఆగిపోయింది.

షెడ్డు వాసన ఆమెకు కొత్త కాదు. ఉడికిన పిండి, తోలు, సున్నం, లవంగం అన్నీ విడివిడిగా తెలుసు. వాటన్నిటి కింద ఇవాళ ఇంకొకటి ఉంది. తియ్యగా ఉంది. ఆ తీపే కడుపులో దేవేలా ఉంది. పుండు మీది కట్టు విప్పినప్పుడు ఒక్కసారిగా వచ్చే వాసన లాంటిది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పీపాల దాకా నడిచింది. తలుపు వైపు పీపా మామూలుగానే ఉంది. గోడ వైపు పీపా మీద వంగగానే పేగులు గొంతులోకి వచ్చాయి. పైన జిగురు మాత్రం పాల మీగడలా తెల్లగా, నున్నగా, అమాయకంగా ఉంది.

"ఏమండీ, ఈ పీపా బాగాలేదు" అంది.

భర్త వచ్చి వాసన చూశాడు. ఇంకో నాలుగు చుక్కలు లవంగ నూనె వేశాడు. "నీకెప్పుడు బాగుంది కనక? జరుగు, బైండరుగారు వచ్చేశారు."

బైండరు బండి ఆపి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం వదినగారూ, అయిందా ఫలహారం?"

అత్తగారు గరిటె దించింది. ముందు తలుపు వైపు పీపా. నాకింది. కళ్లు మూసుకుంది. "బాగుంది." తర్వాత గోడ వైపు పీపా.

కోడలు ఈసారి నేల వైపు చూడలేదు. గరిటె జిగురులోకి దిగడం చూసింది. పైకి వచ్చిన జిగురు సాగకుండా, ముక్కలుగా జారడం చూసింది. నాలుక బయటికి రావడం, నిలువునా గీత గీయడం, ఆ ముద్ద నోట్లోకి పోవడం, గొంతు కదలడం చూసింది.

"వగరు సరిపోయింది" అంది అత్తగారు. "తీసుకెళ్లు."

బైండరు డబ్బాలు పట్టుకున్నాడు. తెడ్డు జిగురు నింపడానికి చెంబు ముంచబోయాడు.

"ఆగండి" అంది కోడలు. అందరూ తిరిగి చూశారు. ఆ గొంతు షెడ్డులో వినిపించడమే అరుదు. "ఆ గరిటె ఇలా ఇవ్వండి అత్తయ్యా. నేనూ చూస్తాను."

తెడ్డుకు నవ్వాగలేదు. "కొత్తమ్మా, నువ్వే? బకెట్టు తేనా?"

అత్తగారు నవ్వలేదు. గరిటె వైపు చూసింది, కోడలి మొహంలోకి చూసింది. గరిటె చేతికిచ్చింది. పిడి తడిగా, వెచ్చగా, వేళ్లకు అంటుకునేలా ఉంది. కోడలు దాన్ని గోడ వైపు పీపాలో ముంచి, ఊపిరి బిగబట్టి, నాలుక మీద పెట్టుకుంది.

ముందు పులుపు. కాదు, పులుపు లాంటిది, నాలుకను సూదులతో గుచ్చేది. దాని వెనక కుళ్లిన మాంసం జిడ్డు, అంగిలికి పూత పూసినట్టు. ఆ మెత్తటి ముద్దలో ఏదో సన్నటిది నాలుకకు తగిలింది. వెంట్రుక.

కాలవ దాకా కూడా వెళ్లలేకపోయింది. పొయ్యి పక్కనే వంగిపోయింది.

తెడ్డు పకపకా నవ్వాడు. బైండరు కూడా నవ్వాడు, పాపం మర్యాదగానే. భర్త మొహం ఎర్రబడింది. "బైండరుగారూ, మీరేమీ అనుకోకండి. దానికి ఎప్పుడూ ఇంతే. వచ్చిన కొత్తలోనే కక్కింది, అడగండి వీణ్ణి. జిగురు చూస్తేనే పడదు. నింపరా తెడ్డూ."

కోడలు కొంగుతో మూతి తుడుచుకుంది. ఆమెకు అప్పుడు అర్థమైంది. తన కడుపు సాక్ష్యం ఇక్కడ చెల్లదు. నాలుగేళ్లుగా మంచి జిగురుకూ మొహం తిప్పుకున్న మనిషి, చెడ్డ జిగురుకు కక్కితే ఎవరు నమ్ముతారు? చెంబు పీపాలోకి దిగుతోంది. బండిలో ఖాళీ డబ్బాలు వరసగా ఉన్నాయి, మూతల మీద పిల్లల బొమ్మలతో.

ఆమె కుళాయి కింద గరిటె కడిగింది. తలుపు వైపు పీపా దగ్గరికి వెళ్లి, నిండా ముంచింది. అత్తగారు తీసుకున్నట్టు ఒక గీత కాదు. గరిటె వీపు మొత్తం, ఆ చివర నుంచి ఈ చివరకు నాకింది. నాకి, నోరు మూసుకుని నిలబడింది. పచ్చి పిండి వాసన ముక్కులోంచి బయటికి వచ్చింది. చల్లటి ముద్ద నాలుక కిందికి, చిగుళ్ల సందుల్లోకి పాకింది. అంగిలికి అతుక్కుని ఊడిరానంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కడుపు ఒకసారి లేచింది. పళ్లు బిగబట్టి దాన్ని కిందికి తొక్కింది. మింగింది. గొంతులో అడ్డం పడితే మళ్లీ మింగింది.

షెడ్డులో ఎవరూ నవ్వడం లేదు.

"ఇందులో తీపి సరిగ్గానే ఉంది" అంది మెల్లగా. "పటిక ఎక్కువైంది. నాలుక అంచులు పట్టేస్తున్నాయి. పులుపు లేదు. ఇది పిల్లలకివ్వచ్చు."

భర్త తెడ్డు వైపు చూశాడు.

తెడ్డు ఒక ముక్కులోని దూది సర్దుకున్నాడు. "అంటే... ఆ పీపాలో పటిక పొట్లం చేతిలోంచి కాస్త జారిన మాట నిజమే అయ్యగారూ. ఎవరికీ తెలియదనుకున్నా."

"వదినగారు చెప్పలేదే" అన్నాడు బైండరు. ఆ మాట అనగానే తనే నాలిక్కరుచుకున్నాడు.

అత్తగారు గోడ వైపు పీపాలోకి తొంగి చూసింది.

"ఇప్పుడు గోడ వైపు పీపా అడుగుదాకా తిప్పి చూడండి" అంది కోడలు. "నేనైతే దాని దగ్గరికి రాను."

తెడ్డు తెడ్డు వేశాడు. జిగురు బరువుగా తిరిగింది. రెండోసారి తిప్పేసరికి ఏదో తగిలి చేయి ఆగింది. తెడ్డు చివరతో దాన్ని పైకి లేపాడు. ముందు తోక వచ్చింది. తర్వాత పొట్ట ఉబ్బి, బొచ్చు సగం ఊడి, తెల్లటి జిగురు చొక్కా తొడుక్కున్నట్టు ఎలుక. లేపిన చోట చర్మం జారిపోయి మళ్లీ లోపలికి పడింది. ఆ జారిన చోట నుంచి వచ్చిన కంపు దూదిని కూడా దాటింది కాబోలు, తెడ్డు తెడ్డు వదిలేసి బయటికి పరుగెత్తాడు. కాలవ దగ్గర అతను కక్కుతున్న చప్పుడు లోపలికి వినిపించింది. బైండరు బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. భర్త గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, "అమ్మా" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

అత్తగారు అప్పటికే అక్కడ లేదు.

వంటింట్లో కుళాయి దగ్గర ఉంది. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఊస్తోంది. మళ్లీ పోసుకుంటోంది. ఉప్పు గుప్పెడు నోట్లో వేసుకుని వేళ్లతో నాలుక రుద్దుకుంది. పాత్రలు తోమే పీచు అందుకుని దాంతో కూడా రుద్దుకుంది. ఊసిన నీళ్లు ఎర్రగా పోతున్నాయి.

"చాలు అత్తయ్యా. పోయింది."

"పోయిందా?" అత్తగారు తిరిగి చూసింది. గడ్డం మీంచి నీళ్లూ రక్తమూ కారుతున్నాయి. "నాకేం తెలియడం లేదే అమ్మాయ్. ఎంత కడిగినా పోయిందో, ఉందో తెలియడం లేదు. ఏది చూడు, నా నోరు వాసన వస్తోందా?"

నోరు తెరిచి దగ్గరగా పెట్టింది. కోడలు వెనక్కి జరగబోయి ఆగింది. ముందుకు వంగి వాసన చూసింది. వస్తోంది. ఇంకా వస్తోంది.

"ఇంకొక్కసారి పుక్కిలించండి" అంది.

తర్వాత ఇద్దరూ గట్టు కింద నేల మీద కూర్చున్నారు. అత్తగారు తడి కొంగుతో పెదవులు ఒత్తుకుంది.

"ఉప్పు టీ ఇచ్చావు కదూ ఆ రోజు?"

కోడలు తల ఊపింది.

"సాయంత్రం దాకా దాహం ఆగలేదు. అప్పుడే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు కదా, మంచిపిల్ల అని కూడా అనుకున్నాను." నవ్వబోయింది, నాలుక మండి ఆగింది. "జ్వరం తగ్గిన రోజే తెలుసు నాకు. మళ్లీ వస్తుందిలే అనుకున్నా. వారం వారం అలాగే అనుకున్నా."

"మరి ఏం చూసి బాగుందని చెప్పేవారు?"

"తెడ్డుగాడి మొహం చూసి."

కోడలు ఆమె వైపు చూసింది. "వాడి ముక్కులో దూది ఉంటుంది కదా అత్తయ్యా."

"అదే మరి" అంది అత్తగారు. వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. "ఎనిమిది సోమవారాలు. ఎనిమిది సోమవారాలు ఎవరెవరి పిల్లల నోట్లో ఏం పెట్టానో." ఆపైన వినీ వినపడనట్టు అంది. "రుచి పోతే పోయింది. అసహ్యం కూడా పోయింది అమ్మాయ్. ఆ పీపాలోది నోట్లో పెట్టుకుంటే నాకు ఏమీ అనిపించలేదు. ఏమీ. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు కంపరమెత్తుతోంది, కానీ తలకే తెలుస్తోంది, నోటికి తెలియడం లేదు."

ఆ మధ్యాహ్నం బైండరు బడి బడికీ తిరిగి, కిందటి వారం దింపిన డబ్బాలు వెనక్కి తెచ్చాడు. గోడ వైపు పీపాలోని జిగురును ఊరి చివర గొయ్యి తీసి పీపాతో సహా పూడ్చారు. భర్త మూడు రోజులు సరిగ్గా భోజనం చేయలేదు. నాలుగో రోజు పీపాలన్నిటికీ బిగుతుగా పట్టే మూతలు చేయించుకుని వచ్చాడు.  షెడ్డులోకి వెళ్లేటప్పుడు ఒకసారి భార్య దగ్గర ఆగి, "ఇక్కడ వాసన ఎలా ఉంది?" అని అడిగాడు. అడగడం అదే మొదలు.

ఆదివారం అత్తగారు సుత్తి పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. మేకు ఊడబీకి జానెడు కిందికి, కోడలికి అందే ఎత్తులో కొట్టింది. గోడ మీది చుక్కల్ని వేడినీళ్లతో, కత్తితో గీకి గీకి శుభ్రం చేసింది. కొత్త గరిటె తగిలించింది. కోడలు అంతా చూస్తూ నిలబడింది కానీ సాయం పట్టలేదు. ఆ గీకిన తుక్కు నేల మీద గోళ్ల ముక్కల్లా పడి ఉంటే అటు కాలు కూడా పెట్టలేకపోయింది.

సోమవారం బైండరు వచ్చాడు. ఈసారి ఫలహారం మాట ఎత్తలేదు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

కోడలు గరిటె దించింది. మూత తీసింది. ముంచింది. నాలుక మీద పెట్టుకోగానే మెడ మీద రోమాలు లేచాయి. తీపి. వగరు. జిడ్డు జిడ్డుగా అంగిలికి పాకే ఆ చల్లదనం. మింగింది. కళ్లు మూసుకోలేదు, మూసుకుంటే ఎలుక కనిపిస్తుంది.

"అసహ్యం వేసిందా?" అడిగింది పక్కనే స్టూలు మీద కూర్చున్న అత్తగారు.

"వేసింది."

"ఎప్పటిలాగేనా, ఎక్కువా?"

కోడలు ఆలోచించింది. "ఎప్పటిలాగే."

"అయితే తీసుకెళ్లవయ్యా" అంది అత్తగారు బైండరుతో.

బండి వెళ్లాక కోడలు కాలవ దగ్గర మూడుసార్లు పుక్కిలించింది. టీ పెట్టుకుని తాగింది. టీ కూడా జిగురులాగే ఉంది. గ్లాసు సగంలో వదిలేసి, మూతి చిట్లించి, లోపలికి వెళ్లి కవర్ల జిగురు ఉన్న రెండో పీపా మూత తీసింది.